ఈఎస్ఐ నిరుద్యోగ భృతి క్లెయిమ్ నెలల తరబడి పెండింగ్‌లో ఉంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ తమ్ముడు జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో కాంట్రాక్టర్ కింద నాలుగేళ్లకు పైగా పనిచేశాడు. ఆర్డర్లు తగ్గాయని చాలామందిని ఒకేసారి ఆపేశారు. ఈఎస్ఐ వాళ్ల అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద ఆన్‌లైన్‌లో క్లెయిమ్ పెట్టాడు. రెండు నెలలైనా పెండింగ్ అనే చూపిస్తోంది. లోకల్ ఆఫీసుకు వెళ్తే కంపెనీని అడగమంటున్నారు, కాంట్రాక్టర్‌ని అడిగితే మా పని అయిపోయిందంటున్నాడు. పీఎఫ్ కూడా ఆగింది. ఎవరో ఏజెంటు, వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇస్తే చేయించిపెడతానంటున్నాడు. ఇవ్వాలా వద్దా?

ఇవ్వొద్దు. ఆ డబ్బు మీ తమ్ముడిది. నెలనెలా అతని జీతంలో 0.75 శాతం కోసి, దానికి యజమాని 3.25 శాతం కలిపి కట్టిన బీమా అది. ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు. పైగా ఏజెంటు చేసే పని ఏమీ ఉండదు. ఓటీపీ అడుగుతాడు, లాగిన్ అయి స్టేటస్ చూస్తాడు, క్లెయిమ్ దానంతట అది పాసైతే వాటా అడుగుతాడు. పాస్ కాకపోతే ఫోన్ ఎత్తడు. ఓటీపీ చేతికి వచ్చాక బ్యాంకు ఖాతా వివరాలు మార్చిన వాళ్లు కూడా ఉన్నారు, జాగ్రత్త.

నేను బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు కార్మికులకు ఈఎస్ఐ, పీఎఫ్ కాగితాలు చాలా ఏళ్లుగా చూసిపెడుతున్నాను. ఆగిపోయిన క్లెయిముల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించేది ఒకటే. రికార్డులో ఎక్కడో ఒక ఎంట్రీ తప్పుగా ఉంటుంది. ఆ ఎంట్రీ ఏదో కార్మికుడికి ఎవరూ చెప్పరు. అతను కౌంటర్ చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, ప్రతిసారీ కొత్త మనిషి కొత్త కారణం చెబుతాడు. కాబట్టి ముందు ఆ తప్పు ఏదో కనుక్కోవాలి, దాన్ని దిద్దగల అధికారం ఎవరిదో తెలుసుకోవాలి, అడిగేది ఏదైనా రాతలో అడగాలి. మిగతాదంతా వీటి వివరమే.

ముందు ఒక సందేహం తీర్చేస్తాను. నిరుద్యోగ భృతి అనగానే చాలామంది ప్రభుత్వాలు ప్రకటించే పథకాలతో కలిపేస్తారు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో చదువుకున్న యువత కోసం వచ్చిన యువనేస్తం లాంటిది వేరు, ఇది వేరు. ఇది ఈఎస్ఐ కార్పొరేషన్ 2018 జూలై 1 నుంచి అమలు చేస్తున్న పథకం. మొదట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతం ఇచ్చేవాళ్లు, అదీ మూడు నెలలు ఖాళీగా ఉన్నాకే. కోవిడ్ సమయంలో, 2020 మార్చి 24 నుంచి, దాన్ని 50 శాతం చేశారు, నిరీక్షణ 30 రోజులకు తగ్గించారు, యజమాని ద్వారా కాకుండా కార్మికుడే నేరుగా క్లెయిమ్ పెట్టుకునే వీలు ఇచ్చారు. గరిష్ఠంగా 90 రోజులకు, జీవితంలో ఒక్కసారే. ఇది శాశ్వత చట్టం కాదు, గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్న పథకం. అందుకే మీ తమ్ముడి ఉద్యోగం పోయిన తేదీకి పథకం అమల్లో ఉందని చూపించే ఈఎస్ఐ సర్క్యులర్ కాపీ ఒకటి ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. కౌంటర్లో 'ఆ స్కీం అయిపోయింది' అని తిప్పి పంపిస్తే చూపించడానికి పనికొస్తుంది.

అర్హత మాట. ఉద్యోగం పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కవరేజీలో ఉండాలి. ఈఎస్ఐ లెక్కలో ఏడాదిని రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లుగా, అంటే చందా కట్టే అర్ధ సంవత్సరాలుగా చూస్తారు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఉద్యోగం పోవడానికి ముందున్న పీరియడ్‌లో కనీసం 78 రోజులు, ఆ రెండేళ్లలోని మిగతా మూడు పీరియడ్లలో కనీసం ఒకదానిలో 78 రోజులు కాంట్రిబ్యూషన్ పడి ఉండాలి. నాలుగేళ్లు మానకుండా చేసినవాడికి ఇది సమస్యే కాకూడదు. కానీ అవుతుంది. ఎందుకంటే అతను పనిచేసిన రోజులు వేరు, కాంట్రాక్టర్ ఎక్కించిన రోజులు వేరు.

ఈరోజే ఈఎస్ఐ పోర్టల్‌లో అతని ఐపీ నంబరుతో, అంటే ఈఎస్ఐ బీమా నంబరుతో లాగిన్ అయి కాంట్రిబ్యూషన్ చరిత్ర ప్రింట్ తీయండి. ఒక్కో నెలకూ ఎన్ని రోజులు, ఎంత జీతం చూపించారో వరసగా వస్తుంది. దాని పక్కన జీతం స్లిప్పులు, అవి లేకపోతే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టుకుని, పెన్నుతో ఒక్కో నెలా టిక్కు పెడుతూ రండి. చూడాల్సినవి మూడు. నెల మొత్తం పనిచేసినా తక్కువ రోజులు వేశారా? మధ్యలో నెలలకు నెలలు ఎగిరిపోయాయా? చివరి నెలల్లో రోజుల దగ్గర సున్నా ఉందా?

ఈ చివరిది ముఖ్యం. చాలామంది దీని దగ్గరే చిక్కుకుంటారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. యజమాని ప్రతి నెలా ఈఎస్ఐకి ఒక ఎక్సెల్ ఫైల్ ఎక్కిస్తాడు. అందులో ఎవరికైనా సున్నా రోజులు వేస్తే, ఎందుకో ఒక కోడ్ ఇవ్వాలి. 0 అంటే కారణం లేదు. 1 అంటే సెలవులో ఉన్నాడు. 2 అంటే ఉద్యోగం వదిలి వెళ్లాడు. 8 అంటే పని తాత్కాలికంగా ఆపారు. 9 అంటే సమ్మె లేదా లాకౌట్. 10 అంటే రిట్రెంచ్‌మెంట్, అంటే మనుషులు ఎక్కువయ్యారని యజమాని తీసేయడం. 11 అంటే పని లేదు. ఇలా ఇంకా కొన్ని ఉన్నాయి. కాంట్రాక్టర్ దగ్గర ఈ ఫైల్ నింపే కుర్రాడు ఎవరినీ అడగడు. మనిషి రావట్లేదు కదా అని 1 కొట్టేస్తాడు, లేదా 0 వేసి వదిలేస్తాడు. అప్పుడు కంప్యూటర్ దృష్టిలో మీ తమ్ముడు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు, సెలవు మీద ఉన్నట్టు. ఉద్యోగం పోయిన తేదీ అంటూ రికార్డులో ఉండదు. తేదీ లేకపోతే 30 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. ఆఫీసులో 'కంపెనీని అడగండి' అన్నారంటే తొంభై పాళ్లు ఇదే అయ్యుంటుంది. కాంట్రాక్టర్ 'మా పని అయిపోయింది' అన్నదీ ఒక రకంగా నిజమే. ఫైల్ ఎక్కించాడు, కాకపోతే తప్పు కోడ్‌తో.

2 వేస్తే ఇంకో చిక్కు. తనంతట తాను మానేసినవాళ్లకు, స్వచ్ఛందంగా రిటైరైనవాళ్లకు, క్రమశిక్షణ చర్య కింద తీసేసినవాళ్లకు, చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మెలో ఉన్నవాళ్లకు ఈ భృతి రాదు. 2 అనేది ఎవరు ఎలా వెళ్లినా వాడేసే కోడ్. అంతమాత్రాన అర్హత పోదు గానీ, అధికారికి సందేహం వచ్చి యజమాని నుంచి వివరణ కోరుతూ లేఖ పంపిస్తారు. ఆ లేఖ కాంట్రాక్టర్ పాత అడ్రసుకు వెళ్తుంది. జవాబు రాదు. ఫైల్ కదలదు.

కాబట్టి బ్రాంచ్ ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న 'నా క్లెయిమ్ ఎప్పుడు పాసవుతుంది' అని కాదు. 'నా చివరి పనిదినం రికార్డులో ఏ తేదీ ఉంది, కారణం ఏమని ఉంది' అని అడగాలి. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పలేక విసుక్కునే మనిషే, రెండో ప్రశ్నకు స్క్రీన్ చూసి జవాబు చెబుతాడు. వాళ్ల మీదా పని భారం ఎక్కువే. సూటిగా అడిగినవాడికి సాయం చేసే ఉద్యోగులు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు, నేను చూశాను.

నోటితో అడిగి వచ్చేయకండి. ఒక దరఖాస్తు రెండు కాపీలు రాసుకెళ్లి, ఒకటి ఉత్తరాలు తీసుకునే ఇన్‌వార్డ్ కౌంటర్లో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. తెలుగులో రాసినా చెల్లుతుంది. ఇలా రాస్తే చాలు:

'నా ఐపీ నంబరు ఫలానా. ఫలానా తేదీన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద క్లెయిమ్ పెట్టాను. రిఫరెన్స్ నంబరు ఫలానా. ఇప్పటివరకు డబ్బు రాలేదు, తిరస్కరించినట్టు తెలియజేయలేదు. క్లెయిమ్ ఏ కారణం వల్ల ఆగిందో, నా నుంచి ఏ పత్రం కావాలో, యజమాని నుంచి ఏ సవరణ రావాలో రాతపూర్వకంగా తెలియజేయగలరు. యజమానికి మీరు ఇప్పటికే లేఖ రాసి ఉంటే దాని తేదీ, నంబరు తెలుపగలరు. నా చివరి పనిదినం ఫలానా తేదీ. ఆధారాలు జతచేశాను.'

స్టాంపు వేయమని నిరాకరిస్తే గొడవపడొద్దు. అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీసిపెట్టుకోండి. 2020లో పథకాన్ని సడలించినప్పుడు క్లెయిమ్ అందిన 15 రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలని చెప్పారు. ఈ ఉత్తరం ఉంటే, పదిహేను రోజులు దాటాయని మీరు చూపించగలరు.

ఇక్కడే ఇంకోటి సరిచూసుకోండి. ఆన్‌లైన్‌లో క్లెయిమ్ పెట్టేటప్పుడు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు అప్‌లోడ్ చేశాడా? చేయకపోతే క్లెయిమ్ ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఆ కాపీలు జతచేసి బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో బటన్ నొక్కేసి పనైపోయిందనుకుని నెలలు ఎదురుచూసేవాళ్లు చాలామంది. అలాగే రాబోయే రోజులకు ముందే క్లెయిమ్ పెట్టకూడదు, ఖాళీగా గడిచిపోయిన రోజులకే పెట్టాలి. తొందరపడి పదో రోజునే పెడితే తిరిగొస్తుంది. అలాగని సాగదీయొద్దు, ఉద్యోగం పోయిన ఏడాదిలోపు క్లెయిమ్ ఆఫీసుకు చేరాలి. ఆగిన క్లెయిమ్ మీద మళ్లీ మళ్లీ కొత్త క్లెయిములు కూడా పెట్టకండి. ఉన్నదే నడిపించుకోవాలి.

ఇప్పుడు కాంట్రాక్టర్ సంగతి. అతను కోడ్ సవరించాలి, లేదా చివరి పనిదినం, కారణం ధ్రువీకరిస్తూ లెటర్‌హెడ్ మీద రాసి ఈఎస్ఐకి ఇవ్వాలి. ఫోన్‌లో అడిగితే రేపు మాపు అంటాడు. ఒక ఉత్తరం రాసి, కాపీ అసలు కంపెనీ హెచ్ఆర్‌కు పంపండి. ఈఎస్ఐ నిబంధనల్లో కాంట్రాక్టు కార్మికుల కాంట్రిబ్యూషన్‌కు మొదటి బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దే, అంటే ఎవరి ఫ్యాక్టరీలో పని జరిగిందో వాళ్లదే. తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవడం వాళ్ల పని. ఈ ఒక్క మాట ఉత్తరంలో ఉంటే హెచ్ఆర్ నుంచి కాంట్రాక్టర్‌కు ఫోన్ వెళ్తుంది. కాంట్రాక్టర్ బిల్లు ఆ కంపెనీ చేతిలో ఉంటుంది కదా, కదలిక అక్కడి నుంచే వస్తుంది.

నెలలే ఎగిరిపోయి ఉంటే మాత్రం ఇది కొంచెం బరువైన పని. కాంట్రిబ్యూషన్ పీరియడ్ ముగిసి 42 రోజులు దాటితే పాత నెలల వివరాలు యజమాని తనంతట తాను ఆన్‌లైన్‌లో ఎక్కించలేడు, ఈఎస్ఐ ఆఫీసు అనుమతి కావాలి. అప్పుడు ఫిర్యాదు బ్రాంచ్ ఆఫీసుకు కాదు, రీజనల్ ఆఫీసుకు వెళ్లాలి. తెలంగాణకు హైదరాబాద్ ఆదర్శ్‌నగర్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలో ఉన్నాయి. జీతంలోంచి ఈఎస్ఐ కోసినట్టు ఉన్న పేస్లిప్పులు జతచేసి, 'నా జీతంలో కోశారు, జమ చేయలేదు' అని స్పష్టంగా రాయండి. కార్మికుడి వాటా కోసి కట్టకపోవడం నేరం, జైలు శిక్ష దాకా వెళ్లే నేరం. ఫిర్యాదు అందాక సోషల్ సెక్యూరిటీ ఆఫీసరును పంపి రిజిస్టర్లు తనిఖీ చేయించే అధికారం వాళ్లకుంది.

నెలలు ఎగిరిపోతే అర్హతే కాదు, అంకె కూడా తగ్గుతుంది. సగటు రోజు సంపాదన అంటే చివరి నాలుగు కాంట్రిబ్యూషన్ పీరియడ్ల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. నెలకు 18,250 రూపాయల జీతం అనుకుంటే 24 నెలలకు 4,38,000. దాన్ని 730తో భాగిస్తే రోజుకు 600. అందులో సగం 300, 90 రోజులకు 27,000. అదే మనిషికి కాంట్రాక్టర్ ఆరు నెలలు ఎగ్గొడితే మొత్తం 3,28,500 అవుతుంది, రోజుకు 450, సగం 225, చేతికొచ్చేది 20,250. భాగించే 730 మాత్రం తగ్గదు. చూశారా, కార్మికుడి తప్పేమీ లేకుండానే 6,750 రూపాయలు పోయాయి. డబ్బు వచ్చింది గానీ తక్కువ వచ్చింది అనేవాళ్లందరూ ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఓవర్‌టైం, అలవెన్సులు చేర్చకుండా బేసిక్ మాత్రమే చూపించిన కంపెనీల్లోనూ ఇదే నష్టం.

కాంట్రాక్టు పనివాళ్లకే వచ్చే ఇంకో తంటా రెండు ఐపీ నంబర్లు. ఈఎస్ఐ నంబరు మనిషికి జీవితాంతం ఒకటే ఉండాలి. కానీ కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్తవాడు పాత నంబరు అడగకుండా కొత్తగా రిజిస్టర్ చేసేస్తాడు. మీ తమ్ముడి నాలుగేళ్లలో కాంట్రాక్టర్ ఒక్కడేనా? ఇద్దరైతే మొదటి రెండేళ్లు ఒక నంబరు మీద, తర్వాత రెండేళ్లు ఇంకో నంబరు మీద పడి ఉండొచ్చు. అప్పుడు కొత్త నంబరులో సర్వీసు రెండేళ్లకు నాలుగు రోజులు తక్కువున్నా క్లెయిమ్ పోతుంది. పాత కార్డు, పాత పేస్లిప్పు, ఆధార్ చూపించి, రెండు నంబర్లనూ కలపమని బ్రాంచ్ ఆఫీసులో విడిగా దరఖాస్తు ఇవ్వాలి. ఇది కౌంటర్ దగ్గర నిలబడి తేల్చుకునే పని కాదు, అదే రోజు అవదు. కానీ అవుతుంది.

పేరు తేడాలు మన దగ్గర ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, ఈఎస్ఐలో పొట్టి అక్షరం. వెంకటేశ్వర్లు ఒకచోట, వెంకటేశ్వరరావు ఇంకోచోట. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరుతో ఐపీ, అత్తింటి పేరుతో పాస్‌బుక్. మనకు ఇద్దరూ ఒకటేనని తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఆధార్‌లో ఎలా ఉందో దాన్నే ప్రమాణంగా పెట్టుకుని మిగతావి దానికి తగ్గట్టు మార్పించండి. ఒకదానికి ఒకటి చొప్పున అన్నీ మార్చుకుంటూ పోతే అంతు ఉండదు.

బ్యాంకు విషయంలో ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూసుకోండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. తెలంగాణలోని ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఆంధ్రలో నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన పాత కోడే రికార్డులో ఉంటే, క్లెయిమ్ పాసై కూడా డబ్బు వెనక్కి పోవచ్చు. స్టేటస్‌లో చెల్లించినట్టు ఉండి ఖాతాలో పడకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు ఇస్తే మళ్లీ పంపుతారు.

ఇక అసలు గొడవ, రాజీనామా. మీరు రాయలేదు గానీ అడగాల్సిన బాధ్యత నాకుంది. ఆపేసిన రోజున మీ తమ్ముడితో ఏమైనా సంతకం పెట్టించుకున్నారా? బకాయి జీతం ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టు అంటూ 'వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నాను' అని ముందే టైపు చేసిన కాగితం మీద పెట్టించుకోవడం ఈ వైపు యూనిట్లలో చాలా జరుగుతోంది. ఆ కాగితాన్ని యజమాని ఈఎస్ఐకి చూపిస్తే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. అలా జరిగి ఉంటే ఆధారాలు ఇప్పుడే పోగేయండి. 'రేపటి నుంచి రావద్దు' అని సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్, గ్రూప్‌లో వచ్చిన వాయిస్, గేటు దగ్గర పంచ్ పనిచేయడం మానేసిన తేదీ, ఒకే రోజున ఆగిపోయిన మిగతావాళ్ల పేర్లు. అంతమందికి ఒకే రోజు వ్యక్తిగత కారణాలు వచ్చాయంటే ఏ అధికారీ నమ్మడు. అందుకే వాళ్లందరూ కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టి ఈఎస్ఐ రీజనల్ ఆఫీసుకు, లేబర్ ఆఫీసుకు ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ ఆఫీసులున్నాయి. మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఎవరో అక్కడ చెబుతారు. తొలగింపు వివాదం, బకాయి జీతం, ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ, అన్నీ అక్కడ లేవనెత్తవచ్చు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, మానేసినా, మూసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. జీతం ఇవ్వడానికి సంతకం షరతు పెట్టడం ఎంత తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది.

యూనిట్ మొత్తంగా మూసేశారా, లేక చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేశారా అన్నది కూడా కనుక్కోండి. అలాగైతే 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద ఇంకా మేలైన సాయం వస్తుంది. మొదటి 12 నెలలు జీతంలో 50 శాతం, తర్వాత 12 నెలలు 25 శాతం, ఆ కాలమంతా కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం. దీని గురించి తెలియక అటల్ పథకంలో మూడు నెలల డబ్బుతో సరిపెట్టుకున్న కుటుంబాలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అక్కడ యజమాని రికార్డులో 10 పడిందా 2 పడిందా అన్నదాని మీద రెండేళ్ల కూడు ఆధారపడి ఉంటుంది.

బ్రాంచ్ ఆఫీసు నుంచి పదిహేను ఇరవై రోజుల్లో జవాబు రాకపోతే పైకి వెళ్లండి. ఈఎస్ఐ వాళ్లు ఫిర్యాదులు వినడానికి ప్రతి నెలా జరిపే సువిధా సమాగమానికి వెళ్తే అధికారిని నేరుగా కలవొచ్చు, తేదీ ఆఫీసు నోటీసు బోర్డు మీద ఉంటుంది. అక్కడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వ సీపీగ్రామ్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదు పొడుగ్గా, కష్టాలన్నీ ఏకరువు పెడుతూ రాయకండి. తేదీలు, నంబర్లు, ఇన్‌వార్డ్ స్టాంపు ఉన్న కాపీ, ఒక్క వాక్యంలో మీకేం కావాలో. 'సంబంధిత శాఖకు పంపాం' అని మూసేస్తే అప్పీల్ బటన్ ఉంటుంది, వాడండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా మంచి ఆయుధం. రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'నా క్లెయిమ్ ఎందుకు ఆపారు' అని అడిగితే సమాచారం కాదని తిరస్కరించొచ్చు. 'నా క్లెయిమ్ ఫైల్‌లోని నోట్‌షీట్ల నకళ్లు ఇవ్వండి, ఏ తేదీన ఏ అధికారి దగ్గర ఉందో తెలపండి, యజమానికి పంపిన లేఖల నకళ్లు ఇవ్వండి' అని అడగండి. కాగితం అడిగితే కాగితం ఇవ్వాలి. దరఖాస్తు చేరిన వారంలోనే ఫైల్ కదిలి డబ్బు పడిపోయిన సందర్భాలు నాకు తెలుసు. ఆఖరికి రాతపూర్వకంగా తిరస్కరించి, ఆ కారణం తప్పని మీకు ఆధారం ఉంటే ఈఎస్ఐ కోర్టు ఉంది. అంతదూరం వెళ్లేముందు ఏదైనా యూనియన్ ఆఫీసులోనో, జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనో ఉచితంగా సలహా తీసుకోండి.

పీఎఫ్ గురించి. ఇదీ అదే జబ్బు, డేట్ ఆఫ్ ఎగ్జిట్, అంటే ఉద్యోగం వదిలిన తేదీ ఎక్కలేదు. ఇక్కడ మాత్రం కాంట్రాక్టర్ కాళ్లావేళ్లా పడనక్కర్లేదు. చివరి కాంట్రిబ్యూషన్ పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో మేనేజ్ అన్న మెనూలోకి వెళ్లి, మార్క్ ఎగ్జిట్ నొక్కి అతనే పెట్టుకోవచ్చు. ఒక్కసారి పెట్టిన తేదీని మళ్లీ మార్చడం కష్టం, కాబట్టి ఈఎస్ఐకి రాసిన చివరి పనిదినమే ఇక్కడా ఉండేలా చూసుకోండి. రెండుచోట్లా రెండు తేదీలుంటే రేపు రెండు ఆఫీసులూ ప్రశ్నిస్తాయి. పీఎఫ్ స్కీం 72వ పేరా ప్రకారం అన్నీ సరిగా ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో పరిష్కరించాలి, లోపముంటే అదే 20 రోజుల్లో రాతలో చెప్పాలి. కారణం లేకుండా ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ కమిషనర్ జీతం నుంచే వసూలు చేసే వీలు ఆ పేరాలోనే ఉంది. పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు రాసేటప్పుడు ఆ పేరా నంబరు ప్రస్తావించండి. ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే నిధి ఆప్కే నికట్ శిబిరానికీ వెళ్లొచ్చు. ఎంత తీయొచ్చన్న నిబంధనలు మారుతున్నాయి. 2025 అక్టోబరు 13న పీఎఫ్ ట్రస్టీల బోర్డు, ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే, మిగతాది ఏడాది తర్వాత అని నిర్ణయించింది. కాబట్టి పాత యూట్యూబ్ వీడియోలు చూసి కాకుండా, క్లెయిమ్ పెట్టే రోజున పోర్టల్ చూపించే మొత్తం చూసి పెట్టండి. మొత్తం తీసేయమని మాత్రం నేను చెప్పను. పెన్షన్ సర్వీసు పదేళ్లకు దగ్గరైనవాళ్లు దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

ఒక జాగ్రత్త. ఈ మధ్యలో మీ తమ్ముడు ఎక్కడైనా పనిలో చేరితే దాచొద్దు. కొత్త కంపెనీ ఈఎస్ఐ కడితే అదే ఐపీ నంబరు మీద కనిపిస్తుంది, పని లేదని చెప్పుకున్న రోజులకూ ఆ రోజులకూ పొంతన కుదరదు, ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమంటారు. ఖాళీగా ఉన్న రోజుల వరకే క్లెయిమ్ చేస్తే ఆ డబ్బుకు ఎవరూ అడ్డు చెప్పలేరు.

చివరగా మీరు అమ్మగారి మందుల గురించి ఒక మాట రాశారు. ఉద్యోగం పోయిన మర్నాడే ఈఎస్ఐ వైద్యం ఆగిపోదు. ఏప్రిల్-సెప్టెంబరు కాంట్రిబ్యూషన్లకు తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు-మార్చివాటికి జూలై నుంచి డిసెంబరు వరకు ప్రయోజనం నడుస్తుంది. డిస్పెన్సరీలో కార్డు పనిచేయట్లేదు అన్నారంటే, వెనక్కి వచ్చేయకుండా అర్హత ఏ తేదీ వరకు ఉందో సిస్టంలో చూసి చెప్పమనండి. తేదీ ఉండి కూడా ఇవ్వకపోతే పైన రాసిన దరఖాస్తులోనే ఆ సంగతి ఇంకో పేరాగా చేర్చండి. ఆమె షుగర్ మందులు మాత్రం ఈ కాగితాల పని తేలేదాకా ఆపకండి, బయట కొన్నా బిల్లులు పేరుతో సహా దాచండి.